సశేషం

మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాడు. నేను హైదరాబాదులో ఒక కంపెనీలో, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి జేసన్ పంపే పని చేస్తాను. నాయన చట్రం బిగించిన పలకల మీద అఆలు దిద్దినవాళ్లు ఎన్ని ఊళ్లలో ఉన్నారో లెక్క లేదు. నేను పంపే జేసన్‌ని మాత్రం మనుషులెవరూ చదవరు. ఒక యంత్రం రాస్తుంది, ఇంకో యంత్రం చదువుతుంది. అయినా ఈ రెండు పనులకీ చుట్టరికం ఉందని నాకు 2024లో తెలిసింది. తెలిసిన తీరు మాత్రం అంత బాగాలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో సగంమంది నాలాగే సాఫ్ట్‌వేర్ వాళ్లని తెలుసు. మిగతా సగం కోసం జేసన్ గురించి నాలుగు మాటలు. 2001 ప్రాంతంలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ దీనికి పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. తాను కొత్తగా కనిపెట్టిందేం లేదనీ, జావాస్క్రిప్టులో అప్పటికే ఉన్నదాన్ని గుర్తించాననీ ఆయనే చెప్పుకుంటాడు. వ్యాకరణం చాలా చిన్నది. పేరు, రెండు చుక్కలు, విలువ. ఇలాంటివి కొన్ని కలిస్తే మీసాల బ్రాకెట్లలో ఒక రికార్డు. చాలా రికార్డులు కలిస్తే చదరపు బ్రాకెట్లలో ఒక జాబితా. అంతే. ఇవాళ మీ ఫోన్లో బస్సు టికెట్టు నుంచి కరెంటు బిల్లు దాకా చాలా వాటి వెనక ఈ బ్రాకెట్లే ఉంటాయి.

ఈ వ్యాకరణంలో ఒక పట్టుదల ఉంది. చదరపు బ్రాకెట్ ఒకసారి తెరుచుకుంటే, మూసుకునేదాకా లోపలున్నదంతా ఒకటే వాక్యం. చివరి బ్రాకెట్ రాకపోతే అంతకుముందు వచ్చిన లక్షల రికార్డులూ చెల్లవు. మన వారపత్రికల్లో సీరియల్ ఏ వారానికావారం ఆగినచోట 'సశేషం' అని వేసేవాళ్లు. మా అమ్మ ఆ మాట చూసి ఒకసారి నిట్టూర్చి పేజీ తిప్పేది. జేసన్‌లో సశేషం అనే మాట లేదు. ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే తప్పు.

2023 చివర్లో నా మీద పడిన సమస్య ఇదే. రోజూ రాత్రి ఒంటిగంటన్నరకి మేము ఒక క్లయింటుకి జాబితా పంపాలి. పేరు, ఊరు, ఖాతా వివరాలు. మొదలుపెట్టినప్పుడు నలభై వేల పేర్లు. మూడేళ్లకి ఆరు లక్షలు దాటాయి. మా ప్రోగ్రాం మొత్తం జాబితాని మెమొరీలోకి ఎక్కించుకుని, బ్రాకెట్లు సరిచూసి, అప్పుడు పంపడం మొదలుపెట్టేది. అవతలి ప్రోగ్రాం కూడా అంతే, మొత్తం వచ్చాకే మొదటి పేరు చదివేది. పేర్లు పెరిగేకొద్దీ మెమొరీ నిండిపోయి, ఆపరేటింగ్ సిస్టం మా ప్రోగ్రాంని మధ్యలోనే చంపేసేది. నాకు రెండింటికి ఫోన్ మోగేది.

ఇలాంటి ఒక రాత్రి నాకు నాయన పని గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవుల్లో క్యారియర్ తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్లేవాణ్ణి. మా వైపు దొరికే రాయి పొరలు పొరలుగా చీలుతుంది. భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఈ రాతి పొరలకి మా కంభం పేరే పెట్టారు. కోసిన రాళ్లు ఒకటొకటే నాయన ముందుకొచ్చేవి. వేలి కణుపుతో ఒక్కసారి తట్టేవాడు. ఖంగుమంటే చట్రంలోకి, బొద్దుగా మోగితే పక్కకి. చేతిలో ఎప్పుడూ ఒక్క రాయే ఉండేది. రోజు మొత్తం మీద ఎన్ని వస్తాయో ఆయనకి పొద్దున తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. సాయంత్రం ఒక పగిలిన పలక మీద మొత్తం లెక్క రాసి మేస్త్రికి ఇచ్చేవాడు. అన్ని రాళ్లూ వచ్చాక ఒకేసారి చూద్దాంలే అనుకుంటే ఆ గదిలో మనిషి నిలబడేందుకు చోటుండేది కాదు.

మేము చేసిన మార్పు కూడా అదే. పెద్ద చదరపు బ్రాకెట్ తీసేశాం. ఒక్కో లైనుకి ఒక్కో రికార్డు. జేసన్‌లో మాటల మధ్య నేరుగా కొత్త లైను రాకూడదనే నియమం ఉంది కాబట్టి, రికార్డుని ఒక్క లైన్లో రాస్తే లైను చివరని నమ్మకంగా రికార్డు చివర అనుకోవచ్చు. ఒకటి చదువు, పని చేసుకో, మర్చిపో, తర్వాతది చదువు. ఆరు లక్షలైనా అరవై లక్షలైనా చేతిలో ఒక్కటే. మెమొరీ వాడకం గీత గీసినట్టు తిన్నగా అయిపోయింది. సాయంత్రం లెక్క కూడా పెట్టాం. చివరి లైన్లో మొత్తం ఎన్ని పంపామో ఒక సంఖ్య.

ఆ సంఖ్య ఎందుకంటే, స్ట్రీమింగ్‌లో ఒక చిక్కుంది. వెబ్ సర్వర్ జవాబిచ్చేటప్పుడు అన్నిటికంటే ముందు ఒక అంకె పంపాలి. 404 అంటే అడిగింది దొరకలేదు, 500 అంటే నా దగ్గరే ఏదో పాడైంది, 200 అంటే అంతా బాగుంది. ఆ తర్వాతే అసలు విషయం. మొత్తం సిద్ధం చేసుకుని పంపితే ఈ అంకె నిజమే చెప్తుంది. కానీ ముక్కలు ముక్కలుగా పంపేటప్పుడు, మొదటి ముక్కకి ముందే 200 అనేస్తాం. మూడు లక్షలో పేరు దగ్గర డేటాబేస్ పడిపోయిందనుకోండి, అన్న మాట వెనక్కి తీసుకోలేం. అందుకే అవతలివాళ్లకి చెప్పాం: మొదట వచ్చిన 200ని నమ్మి ఊరుకోకండి, చివరి లెక్క చూసుకోండి అని. ఈ వాక్యం డాక్యుమెంటులో రాసింది నేనే. 2023 డిసెంబర్లో.

2024 జనవరిలో ఒక రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది. మా ఇంటి ఫోన్లన్నీ ఒకలాగే మొదలవుతాయి.

"అంతా బాగానే ఉన్నాం నాయనా. నువ్వు తిన్నావా?"

తిన్నానన్నాను. ఊళ్లో పెళ్లి సంగతి చెప్పింది. ట్యాంకర్ రెండు రోజుల నుంచి రాలేదంది. ఆ తర్వాత, పెట్టేసేముందు, "మీ నాయనకి అన్నం కలుపుకుంటంటే కుడి చెయ్యి తిమ్మిరెక్కిందంట. మాట గూడా కాస్త ముద్దగా వస్తోంది. గ్యాసేమోలే" అంది.

నేనేమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. "పొద్దున డాక్టర్‌కి చూపించమ్మా. టెస్టులు రాస్తే చేయించు. రిపోర్టులన్నీ వచ్చాక నాకు వాట్సాప్‌లో పెట్టు, చూసి ఏం చేద్దామో చెప్తా."

రిపోర్టులన్నీ వచ్చాక. బ్రాకెట్ మూసుకున్నాక. నా ఉద్యోగంలో నెల కిందటే తీసేసిన పద్ధతిని ఇంట్లో మాత్రం తీసెయ్యలేదు. అమ్మ మొదట చెప్పిన 'బాగానే ఉన్నాం' నా చెవిలో ఉండిపోయింది, చివర చెప్పింది ఎక్కలేదు. పొద్దున ఆరింటికి నాయన బాత్రూం దగ్గర పడిపోయాడు.

మెదడులో నాళం మూసుకుపోతే, గడ్డ కరిగించే ఇంజక్షన్ మామూలుగా మొదటి లక్షణం కనిపించిన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఇది నేను తర్వాత చదివింది. ఆ రాత్రే బయల్దేరమని చెప్పుంటే టైముకి అందేవాళ్లా, అందినా ఫలితం ఉండేదా అన్నది నేను తేల్చుకోలేను. ఆస్పత్రిలో డాక్టర్ "మొదట ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు. "రాత్రి తొమ్మిది" అని అమ్మ చెప్పింది. ఆయన అది రాసుకున్నాడు. ఏమీ అనలేదు.

నాయన బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు బలహీనమయ్యాయి. మాట పోయింది. పోయిందంటే పూర్తిగా కాదు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, ఏం చెప్పాలో ఆయనకి తెలుసు, కానీ మాట నోటిదాకా రాదు. వచ్చినా ముక్కలుగా వస్తుంది. దీన్ని అఫేసియా అంటారు. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు ఇలాంటి రోగిని చూసే, మాటకి మెదడులో ఒక చోటుందని చెప్పాడు. మాటలు నేర్పే థెరపిస్టు మా అందరినీ కూర్చోబెట్టి రెండే విషయాలు చెప్పింది. ఒకటి, ఆయన బదులు మీరు మాట పూర్తి చెయ్యొద్దు. రెండు, ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు వెయ్యొద్దు, ఆయన అందుకోగలిగినంతే ఇవ్వండి.

రెండోది నాకు వెంటనే అర్థమైంది. స్ట్రీమింగ్‌లో వేగం నిర్ణయించేది పంపేవాడు కాదు, తీసుకునేవాడు. నెట్‌వర్క్‌లో తీసుకునే యంత్రం 'నా దగ్గర ఇంకా ఇంతే చోటుంది' అని ఎప్పటికప్పుడు చెప్తూ ఉంటుంది. సున్నా అని చెప్తే పంపేవాడు ఆగాలి. మా అమ్మ పుట్టిల్లు కంభం దగ్గర. మార్కాపురం నుంచి గిద్దలూరు వైపు వెళ్తుంటే వస్తుంది. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి కట్ట కట్టి నిలిపిన కంభం చెరువు విజయనగర కాలం నాటిది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. చెరువు నిండుగా ఉంది కదా అని ఎవరూ తూము పూర్తిగా ఎత్తరు. కింద కాలవ ఎంత పడుతుందో, మడి ఎంత తాగుతుందో చూసి ఎత్తుతారు. మేము నాయన మీద కట్ట తెగినట్టు పడుతున్నాం. కాఫీ తాగుతావా, నొప్పుందా, నన్ను గుర్తుపట్టావా, అన్నీ ఒకే గుక్కలో. పెద్దనాన్నలూ అత్తలూ వచ్చి అవే మళ్లీ అడుగుతున్నారు.

మొదటిది, మాట పూర్తి చెయ్యొద్దన్నది, అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది. దాన్ని నాకు నేర్పింది ఒక బగ్.

ఫిబ్రవరిలో నేను మార్కాపురం నుంచే పనిచేస్తున్నాను. హాల్లో నాయన మంచం, కిటికీ పక్కన నా ల్యాప్‌టాప్. క్లయింటు నుంచి ఫిర్యాదు వచ్చింది: కొన్ని తెలుగు పేర్ల మధ్యలో నల్ల వజ్రం, దానిలో తెల్ల ప్రశ్నార్థకం కనబడుతున్నాయని. ఆరు లక్షల్లో ఏ కొన్ని వందలో. ఇవాళ చెడిన పేరు రేపు బాగుంటుంది, బాగున్నది చెడుతుంది. మా టెస్టులన్నీ పాసవుతున్నాయి.

రెండు రోజులు వెతికాక దొరికింది. ఇంగ్లీషు అక్షరం కంప్యూటర్లో ఒక బైట్. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా మళ్లీ మూడేసి. 'మార్కాపురం' అన్న మాటలో యూనికోడ్ లెక్కన పది గుర్తులు, అంటే ముప్పై బైట్లు. 'మ' అంటే 224, 176, 174 అనే మూడు అంకెల వరస. నెట్‌వర్క్‌కి అక్షరాలు తెలీవు, బైట్లే తెలుసు. 65,536 బైట్లకి ఒక ముక్క కోస్తే, ఆ సంఖ్యని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అచ్చంగా తెలుగే ఉన్నా మొదటి ముక్క చివర ఒక అక్షరం తెగిపడాల్సిందే. 224 ఈ ముక్కలో, 176, 174 తర్వాతి ముక్కలో. మా ప్రోగ్రాం ఏ ముక్కకి ఆ ముక్కని అక్షరాలుగా మార్చేస్తోంది. చివర్లో ఒంటరి 224 కనబడగానే 'ఇది అక్షరం కాదు, చెత్త' అని తీర్మానించి నల్ల వజ్రం పెడుతోంది. మా టెస్టుల్లో పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక బైట్ అక్షరం మధ్యలో తెగడానికి లేదు. తెలుగువాళ్లం ఆరుగురం కలిసి రాసిన ప్రోగ్రాంలో తెలుగు పేరు ఒక్కటీ పెట్టి చూడలేదు.

యూటీఎఫ్-8ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి తయారుచేశారు. న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం చేస్తూ, కంచం కింద వేసే కాగితం మీద థాంప్సన్ దీన్ని రూపొందించాడని పైక్ రాశాడు. ఆ కాగితం మీది ఆలోచనలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. మొదటి బైటే ఇంకా ఎన్ని రావాలో చెప్తుంది. 224తో మొదలైతే మొత్తం మూడు. అంటే ఒంటరి 224ని చూసి తప్పు అనడానికి వీల్లేదు. అది అసంపూర్ణం. తప్పు వేరు, అసంపూర్ణం వేరు. ఈ తేడా ఆ బైట్‌లోనే రాసుంది, మేమే చదవలేదు.

సరిచెయ్యడానికి నాలుగు లైన్లు పట్టింది. ముక్క చివర అక్షరం పూర్తి కాకపోతే ఆ మిగిలిన బైట్లని పారెయ్యకుండా, అర్థం చెప్పకుండా, పక్కన పట్టుకుని ఉండాలి. తర్వాతి ముక్క రాగానే దాని ముందు అతికించి అప్పుడు చదవాలి. చాలా భాషల్లో దీనికి తయారుగా డీకోడర్లుంటాయి, స్ట్రీమ్ అని చెప్తే చాలు, ఆ శేషాన్ని అవే దాచుకుంటాయి. నేను చేత్తోనే రాశాను. ఆ బైట్లుండే వేరియబుల్‌కి 'శేషం' అని పేరు పెట్టాను. రివ్యూలో సహోద్యోగి ఒకతను ఇదేం పేరని అడిగాడు. సీరియల్ చివర వస్తుందే, అదే అన్నాను. ఒప్పుకున్నాడు.

తర్వాత 2024 మార్చి 6. టీవీలో దోర్నాల దగ్గర వెలిగొండ సొరంగాలని జాతికి అంకితం చేస్తున్న వార్త. తెలియనివాళ్ల కోసం: శ్రీశైలం జలాశయం వరద నీళ్లని నల్లమల కొండల కిందుగా, ఒక్కొక్కటీ దాదాపు 19 కిలోమీటర్లుండే రెండు సొరంగాల్లోంచి మా వైపు తెచ్చే ప్రాజెక్టు. 43.5 టీఎంసీల నీళ్లు, 4.47 లక్షల ఎకరాల ఆయకట్టు. 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు నేను రెండో తరగతి, పలక మీద ఎక్కాలు రాస్తున్నాను. అప్పట్నుంచీ నాయన పేపర్లో వెలిగొండ అన్న మాట కనబడితే ఆ వార్త రెండుసార్లు చదివేవాడు. తెరుచుకుని మూసుకోని బ్రాకెట్ అది మా అందరికీ.

నాయన టీవీ వైపు చూస్తూ, "నీ..." అన్నాడు. "నీల్..."

అమ్మ లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఎడమ చేత్తో పక్కకి నెట్టాడు. నీళ్లు వేడిగా కావాలేమో అని ఆమె వంటింట్లోకి వెళ్లబోయింది. ఆయన ముఖం ఎర్రబడింది. మళ్లీ "నీల్..." నేను మాత్ర వేసుకునే టైమా అని చూశాను. మాత్రల డబ్బా తీయబోయి ఆగాను. మేమిద్దరం చేస్తున్నది అదే. 224 కనబడగానే నల్ల వజ్రం పెట్టేస్తున్నాం. 'నీళ్లు' అన్నదాని తర్వాత ఇంకా ఉండొచ్చని మాకు తట్టలేదు, రోగి నీళ్లంటే తాగడానికే అనుకున్నాం.

వచ్చి మంచం మీద కూర్చున్నాను. అమ్మని కూడా కూర్చోమన్నాను. ఎవరం ఏమీ అనలేదు. టీవీలో వార్త అయిపోయింది, వాణిజ్య ప్రకటన వచ్చింది, ఇంకోటి వచ్చింది. నిమిషం పైనే పట్టింది.

"...ళ్లొచ్చి... నాయా?"

నీళ్లొచ్చినాయా. జబ్బు పడ్డాక ఆయన నోటినుంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం.

"ఇంకా లేదు నాయనా. సొరంగాలు మాత్రం అయినాయంట. కాలవ పని ఉంది, ముంపు ఊళ్లవాళ్లకి ఇవ్వాల్సింది ఉంది."

నాయన నోరు ఎడమవైపు ఒక్కటే కదిలింది. నవ్వు అది. అమ్మ గ్లాసులో నీళ్లు తనే తాగేసి, "ఇందుకా నా మీద అంత కోపం" అంది.

ఆ రాత్రి తొమ్మిదింటి ఫోన్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చెరిగిపోలేదు. స్ట్రీమింగ్ గురించి ఎంత తెలుసుకున్నా దాన్ని సరిచెయ్యలేను. కానీ అప్పుడు చేసిన తప్పూ, మార్చిలో చెయ్యబోయిన తప్పూ ఒకటి కాదని మాత్రం చెప్పగలను. మొదటిసారి మొత్తం వచ్చేదాకా కదలనన్నాను. రెండోసారి సగం రాగానే మొత్తం తెలిసిపోయిందనుకున్నాను. ఈ రెండింటి మధ్య చెయ్యగలిగిన పని ఒకటుంది: వచ్చినదాంతో చెయ్యగలిగింది చేస్తూ, తేలనిదాన్ని పారెయ్యకుండా పట్టుకుని ఉండటం. ప్రోగ్రాంలో అది నాలుగు లైన్లు. ఇంట్లో రోజూ మళ్లీ నేర్చుకోవాలి.

అమ్మ ఇప్పటికీ ఫోన్లో 'బాగానే ఉన్నాం' అనే మొదలుపెడుతుంది. మార్చమని అడగలేదు. చివరిదాకా వింటున్నాను. "ఇంకేంటమ్మా?" అని మూడోసారి అడిగాక వచ్చేదే అసలు సంగతి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీద సామాను దింపుతుంటే పాత పలకలు నాలుగు దొరికాయి, నాయన కట్టినవే. ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టాను. చాలాసేపు చూశాడు. ఎడమచేతి వేలి కణుపుతో తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి తట్టాడు.

"ప..." అన్నాడు. నేను ఊరుకున్నాను. పలక అంటాడేమో, పని అంటాడేమో.

"పగులుంది" అన్నాడు, పక్కన పెట్టేస్తూ.

నేను తీసి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశాను. నాకైతే ఏ పగులూ కనబడలేదు.